చిల్లర చికాకులు

గృహమునకు పెద్ద ఆపద వచ్చినప్పుడు ఓదార్చువారు పదిమంది వత్తురు. జ్వరమన్న చూడవత్తురు, ఆప్తులు పోయిరన్న దూరపు బంధువులు సైతము రైలెక్కి వచ్చి ప్రక్కన కూర్చుందురు. కాని స్నానము చేసివచ్చిన యింటి యజమాని తడితువాలును పఱుపుమీద పడవైచి పోయెనని యొక యిల్లాలు కంట నీరు పెట్టుకొన్నచో ఓదార్చువారుండరు సరికదా, "ఇంతమాత్రమునకేనా!" యని నవ్వువారే యుందురు. గోరంతను కొండంత చేయుట ఆడువారి స్వభావమని యొక బిరుదము కూడ లభించును. అందువలన మనలో పెక్కుమంది యిట్టి చికాకులను పైకి చెప్పుకొనుటకే సిగ్గుపడుదురు. ఈ మాసము ఆ సిగ్గుపడు విషయమును గూర్చియే మేము నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

చిల్లర యన్నంతమాత్రమున విలువలేనిదని యర్థము కాదు. రూపాయి చిల్లరగా మారినను రూపాయియే. అమెరికా దేశపు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు రిచర్డ్ లాజరస్, ఆయన సహచరులు కొందఱు నడివయస్సు స్త్రీపురుషులను నెలనెలా ప్రశ్నించి, 1981వ సంవత్సరమున ఒక వ్యాసము ప్రకటించిరి. జీవితములో ఎప్పుడో యొకప్పుడు వచ్చు పెద్ద మార్పులకంటె దినదినము కలుగు చిన్న చికాకులే మనస్సు నలతను ఎక్కువగా తెలుపుచున్నవని అందు తేలినది. ఆలోచించి చూడ ఇందు వింతయేమియు లేదు. పెద్ద కష్టము ఏటి వఱద వంటిది. వచ్చును, పోవును, ఊరంతయు దానిని గుర్తుంచుకొనును. చిన్న చికాకు ఇల్లు కురియుట వంటిది. పడునది బొట్టే కాని, ప్రతిదినము ఒకేచోట పడును.

మొదట ఇంటిలోనివానినే విచారింతము. పాలగిన్నెలో గ్రుక్కెడు పాలు మిగిల్చి, గిన్నె కడుగవలసిన పని తనమీద పడకుండ మరల ఫ్రిజ్జులో పెట్టువారు కలరు. చల్లని నీటి సీసాను ఖాళీచేసి, నింపక, ఉన్నచోటనే పదిలముగా నిలిపిపోవువారు కలరు. వార్తాపత్రికను చదివి, పుటల వరుస తప్పించి, నాలుగు గదులలో నాలుగు కాగితములు విడిచిపోవువారు కలరు. గదినుండి వెడలునప్పుడు పంకాను, దీపమును ఆర్పనివారు, పేస్టుకు మూత పెట్టనివారు, విడిచిన బట్టలను బుట్టలో వేయక బుట్టప్రక్కన వేయువారు కలరు. ఆవకాయజాడీలో తడిగరిటె ముంచువారిని గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. వేసవిలో నాలుగు దినములు ఎండలో నిలిచి, కారము దంచి, ఏడాదికి సరిపడ పెట్టిన పచ్చడి బూజుపట్టినప్పుడు, గరిటె ముంచినవారు, "ఈ యేడు కాయ మంచిది కాదు" అని తీర్పు చెప్పుదురు.

వీనినన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక పోలిక కనబడును. ఇందు ఏ యొక్కటియు చెడ్డపని కాదు. తుద విడిచిన పని. పాలు త్రాగుటకు తుద గిన్నె కడుగుట. స్నానమునకు తుద తువాలు ఆఱవేయుట. ఆ తుదకు పట్టు కాలము అరనిమిషము. కాని దానిని ఎవరో పూర్తిచేయుదురను నమ్మకముతో విడిచిపోవుదురు. ఆ "ఎవరో" యెవరో మన చదువరులకు మేము చెప్పనక్కఱలేదు. 2024వ సంవత్సరమున భారతప్రభుత్వము జరిపిన కాలవినియోగ పరిశీలనలో, జీతములేని యింటిపనులు చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును అందులకు వెచ్చించుచున్నట్లు తేలినది. కావున ఆ తడితువాలు ఒంటరిగా పఱుపుమీద పడలేదు. ఆ 289 నిమిషములమీద పడినది. దాని బరువు తూచువారు ఈ లెక్కను కూడ తక్కెడలో వేయవలెను.

ఇక చెవికి సంబంధించినవి రెండవ తెగ. రైలుపెట్టెలోను, బస్సులోను, ఆసుపత్రి వరండాలోను ఫోనును చెవికి ఆనింపక, అఱచేతిలో పెట్టుకొని, రెండువైపుల మాటలను లోకమునకు వినిపించు అలవాటు ప్రబలినది. చిన్న చిన్న వీడియోలను గట్టిగా మ్రోగించుచు, ఒక పాట పల్లవి ముగియకమునుపే మఱియొక పాటకు దుమికించువారి ప్రక్కన ఆఱుగంటలు ప్రయాణము చేసినవారికి ఆ బాధ తెలియును. ఇందు ఒక సంగతి గమనింపదగినది. ఇద్దఱు ప్రక్కన కూర్చుండి మాటలాడుకొన్నచో మనకు అంత బాధ కలుగదు. ఒకరే ఫోనులో మాటలాడుచుండగా సగము సంభాషణ మాత్రము విన్నచో చేతిలోని పనిమీద మనస్సు నిలువదు. కార్నెల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు దీనిని పరీక్షించి 2010వ సంవత్సరమున ప్రకటించిరి. అవతలివారి మాట వినబడనందున, అది యేమైయుండునోయని మన బుద్ధి తనంతట తాను ఊహించుచునే యుండును, వలదన్నను మానదు. కావున ప్రక్కవారి ఫోను సంభాషణ మనలను బాధించుట ఓర్వలేనితనము కాదు. బుద్ధి స్వభావమే యట్టిది.

భోజనపు బల్లకడ వినబడు శబ్దములది మఱియొక కథ. నమలునప్పటి చప్పరింపులు, చారు జుఱ్ఱుట, కాఫీని చప్పుడుతో పీల్చుట కొందఱికి లెక్కయే కాదు. మఱికొందఱికి ఆ శబ్దము చెవిని పడగానే గుండె వేగము హెచ్చి, ఒడలు మండి, అచ్చటినుండి లేచిపోవలెనని తోచును. ఇట్టి స్థితికి 2001వ సంవత్సరమున జాస్ట్రెబాఫ్ దంపతులను పరిశోధకులు మిసోఫోనియా యను పేరుపెట్టిరి. ఇది తఱచుగా బాల్యము దాటి యౌవనము వచ్చు వయసున బయటపడును. కావున తాతగారి ప్రక్కన కూర్చుండనని కంచముతో లేచిపోవు పిల్లను పొగరుబోతని దండించుటకు ముందు, ఏకాంతమున పిలిచి, ఏ శబ్దము బాధించుచున్నదో యొక్కమాఱు అడిగి చూడుడు. తాతగారు ఈ వయసున నమలు తీరు మార్చుకొనలేరు. పిల్ల తన చెవిని మార్చుకొనలేదు. బల్లకు ఆ చివర నొకరు, ఈ చివర నొకరు కూర్చుండుట మాత్రము సులభము. ఇద్దఱి నడుమ ఒక పంకా తిరుగుచున్నను చాలును.

మూడవ తెగ ఇరుగుపొరుగువలన, బంధువులవలన కలుగునవి. "ఈ పూట ఏం కూర?" అని గోడమీదుగా అడుగుట ప్రేమయే. ఆ ప్రశ్న లేని వీధిలో కాపురమేమి కాపురము? కాని, "అమ్మాయికి ఇంకా సంబంధం కుదరలేదా?" "పెండ్లయి మూడేండ్లయింది, విశేషమేమీ లేదా?" "అబ్బాయి జీతమెంత?" "ఇంతగా చిక్కిపోయావేం?" అను ప్రశ్నలు వేఱు. అడిగినవారికి అవి ప్రొద్దుపుచ్చుటకు పనికివచ్చును. అడుగబడినవారికి ముండ్లు. గర్భము నిలువక రెండు నెలలైనను కాని కోడలు, తప్పనిసరియై యొక పెండ్లిపందిటికి వచ్చి కూర్చుండినచో, తాంబూలము పుచ్చుకొనులోపల ఈ రెండవ ప్రశ్నకు ఎన్నిసార్లు సమాధానము చెప్పవలెనో ఊహింపుడు. అడిగిన ప్రతివారు ఒక్కమాఱే యడిగితిమని యనుకొందురు. వినినది ఆమె యొక్కతెయే కనుక, ఎన్నిమాఱులో ఆమెకే తెలియును.

అరువుల సంగతి కొంత నవ్వు పుట్టించునది. నిచ్చెన, ఇడ్లీపాత్ర, పెరుగుకు తోడు, కుక్కరు రబ్బరు, ఇవి పోయివచ్చునవి. ఉపాధ్యాయుల యిల్లు గనుక మాకడకు పుస్తకములకై వచ్చువారు హెచ్చు. కొనిపోయిన పుస్తకమును శుభ్రముగా తెచ్చి యిచ్చువారు కలరు. వారికి మా నమస్కారము. తెచ్చినను పుటల చెవులు మడచి, వ్రేలు నాలుకకు తాకించి త్రిప్పిన గుర్తులతో తెచ్చువారు కొందఱు. తమకడనున్న మా పుస్తకమును మఱియొకరికి అరువిచ్చి, "వారిని అడగండి, ఇస్తారు" అని మాకు దారి చూపువారు మఱికొందఱు.

ఇంతవఱకు చెప్పినది చికాకుల పట్టిక. ప్రతి యింటిలోను ఇట్టి పట్టిక యొకటి యుండును. మేము చెప్పదలచిన మాట దీని వెనుకనున్నది. విసుగుకొనుట యందఱికి సహజమే. కాని విసుగును పైకి చెప్పు అధికారము ఇంటిలో అందఱికి సమానముగా లేదు.

పురాణములనే చూడుడు. దూర్వాసమహర్షి అంబరీషుని యింటికి అతిథిగా వచ్చి, స్నానమునకై నదికి పోయి ఆలస్యము చేసెను. ద్వాదశి గడియలు దాటిపోవుచున్నవని రాజు కొంచెము నీరు మాత్రము పుచ్చుకొనెను. అందులకై మహర్షి జటను పెఱికి కృత్యను పుట్టించెను. తుదకు విష్ణుచక్రము తఱుమగా ఆయనయే రాజును శరణువేడెనన్నది నిజము. అయినను గ్రుక్కెడు నీటికై పుట్టిన యొక పురుషుని విసుగు భాగవతమున కథగా నిలిచినది. అరణ్యపర్వమున సత్యభామ యడుగగా ద్రౌపది తన గృహధర్మమును వివరించును. అందఱికంటె ముందు మేల్కొనుట, అందఱి తరువాత నిద్రించుట, అత్తగారి సేవ, ఐదుగురు భర్తల మనస్సు తెలిసి మెలగుట, అన్నియు చెప్పును. అంత పెద్ద సంసారమున నీకు విసుగు పుట్టించునదేమియని సత్యభామ యడుగలేదు; ద్రౌపది చెప్పలేదు.

నేటి గృహములలో మాత్రము వేఱుగ నున్నదా? ఇంటిపెద్దకు కాఫీలో చక్కెర తగ్గినచో ఇల్లంతయు వినును. అత్తగారికి వాకిటి ముగ్గు వంకరపోయినట్లు తోచినచో వీధి వినును. కోడలి పఱుపు తడిసినచో గోడకైనను వినబడదు. ఆ కోడలికంటె క్రింద మఱియొకతె కలదు. అంట్లలో నీరు పోయక, మెతుకులు అట్టలుగట్టిన తరువాత పనిమనిషి ముందు పడవేయుట ఎన్ని యిండ్లలో లేదు? ఆమె నేల తుడిచి వెనుకకు తిరుగకముందే ఆ తడిమీద చెప్పులతో నడచుట ఎన్ని యిండ్లలో లేదు? ఆమెకును చేతులు నొచ్చును. ఆమెకును విసుగు పుట్టును. అది పైకి చెప్పెనా, "నోరు పెద్దదైనది" అందురు. చికాకు చిన్నదా పెద్దదా యని నిర్ణయించునది ఆ చికాకు కాదు. చెప్పువారు ఇంటిలో ఎక్కడ కూర్చున్నారను సంగతియే నిర్ణయించును.

చెప్పుకొనలేని చికాకు చల్లాఱిపోదు. తొమ్మిదివందల తొంబదితొమ్మిది తువాలులను మౌనముగా ఆఱవేసిన యిల్లాలు వేయవదానికి ఒకనాడు భోరున ఏడ్చును, లేదా పండుగనాడు బంధువులయెదుట పెద్దమాట యనును. చూచినవారు వేయవ తువాలును మాత్రమే చూచి, "ఇంత చిన్నదానికి ఇంత రచ్చయా!" యందురు. అన్నదమ్ములు వేఱుపడిన యిండ్లను తఱచి చూడుడు. ఆస్తి పంపకములకు ముందే, ఒక పంపుకడనో, ఒక పొయ్యికడనో, చెప్పని మాటలు కొన్ని పేరుకొని యుండును.

దీనికి ఉపాయమేమి? డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అను ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞుల పరీక్ష యొకటి మాకు మిక్కిలి ఉపయోగకరముగా తోచినది. 1972వ సంవత్సరమున వెలువడిన 'అర్బన్ స్ట్రెస్' అను గ్రంథమున వారు తమ పరిశోధనలను వివరించిరి. కొందఱిని పెద్ద మ్రోతల నడుమ కూర్చుండబెట్టి పని చేయించిరి. అందు కొందఱికి మాత్రము ఒక మీటను చూపి, "దీనిని నొక్కినచో శబ్దము ఆగును, సాధ్యమైనంతవఱకు నొక్కకుండుడు" అని చెప్పిరి. వారిలో చాలమంది ఆ మీటను ముట్టనేలేదు. అనగా ఇరుపక్షములవారు అదే మ్రోతను విన్నారు. కాని మ్రోత ముగిసిన తరువాత ఇచ్చిన పనిలో, మీట గలవారు తప్పులు తక్కువగా చేసిరి. కఠినమైన చిక్కులను విడువక ఎక్కువసేపు ప్రయత్నించిరి. మీట లేనివారు త్వరగా చేతులెత్తివేసిరి. మ్రోతకంటె, ఆపలేమను నిస్సహాయతయే మనుష్యుని ఎక్కువగా అలయించునని దీని సారము.

వీధి మ్రోతలకు చట్టము ఇట్టి మీటను ఒకదానిని ఇచ్చియే యున్నది. 2000వ సంవత్సరపు ధ్వనికాలుష్య నిబంధనల ప్రకారము నివాసప్రాంతములలో శబ్దము పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు మించరాదు. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు బయట లౌడుస్పీకర్లు మ్రోగింపరాదు. పండుగలు మొదలగు కొన్ని దినములకు మాత్రము, ఏడాదికి 15 దినములు మించకుండ, రాత్రి 12 గంటలవఱకు రాష్ట్రప్రభుత్వము సడలింపు నీయవచ్చును. పరీక్షలకు చదువు పిల్లలున్న యిల్లు, రోగులున్న యిల్లు దీనినిబట్టి అధికారులకు ధైర్యముగా మొఱపెట్టుకొనవచ్చును. కాని యింటిలోపలి తువాలుకు చట్టము లేదు. అచ్చట మీట మాటయే. చెప్పినచో వినెదరను నమ్మకము గల యిల్లాలు పదిసార్లలో తొమ్మిదిసార్లు చెప్పకయే సహించును. ఆ సహనము ఆమెను అలయింపదు. నమ్మకము లేనిచో మొదటిదే భారమగును.

అయితే మాటకు కూడ ఒక పద్ధతి యున్నది. "మీరెప్పుడూ ఇంతే. మీ అమ్మగారు మీకు నేర్పిన విద్య యిదే!" యన్నచో తువాలు సంగతి మఱుగునపడి వంశము సంగతి పైకివచ్చును. "ఏమండీ, తువాలు తీగమీద వేయరూ? పరుపు తడిసి రాత్రి నాకు నిద్రపట్టడం లేదు" అన్నచో తువాలు తువాలుగానే యుండును. "ఎప్పుడూ", "ఎన్నిసార్లు చెప్పాలి" అను మాటలను విడువుడు. ఒకమాఱునకు ఒక్క చికాకునే చెప్పుడు. పరులయెదుట చెప్పకుడు, అలసిన వేళ, ఆకలివేళ చెప్పకుడు. వేయవమాఱువఱకు వేచియుండక మూడవనాడే చెప్పుడు. అప్పటికి కోపము లేతగా నుండును.

కొన్నింటికి చెప్పుటకంటె అమర్చుట మేలు. స్నానపుగది తలుపునకు వెనుక ఒక కొక్కెము, బట్టలు విడుచుచోటనే బుట్ట, జాడీ మూతకు కట్టిన పొడి గరిటె, ఇవి పది ఉపన్యాసములు చేయలేని పని చేయును. అత్తగారితో, "అత్తయ్యగారూ, జాడీ దగ్గర పొడి గరిటె పెట్టానండీ, తడి తగిలితే బూజు పడుతుందని భయంగా ఉంది" అన్నచో అందు ఎవరి తప్పును లేదు; పచ్చడి క్షేమమే యున్నది. అరువు పుస్తకములకు అట్టమీద తేదీ వేసిన చీటి యొకటి అంటించినచో స్నేహము చెడకుండ పుస్తకము తిరిగివచ్చును.

విడిచిపెట్టవలసినవియు కొన్ని కలవు. వృద్ధులు గ్యాసు ఆర్పితివా యని మూడుమాఱులడుగుట, వినిన కథనే మరల చెప్పుట, తెల్లవాఱకమునుపే గొంతు సవరించుకొనుట వారి చేతిలో లేనివి. చదివిన మాటనే పైకి వల్లెవేయు పిల్లవాని అలవాటు వానికి చదువు వచ్చు మార్గము. మానుకొనగలిగియు మానుకొనని అలవాటును గూర్చి మాటలాడుట న్యాయము. మానుకొనలేనిదానిని గూర్చి మాటలాడుట క్రౌర్యము. ఈ రెంటిని వేఱుచేయ నేర్చినచో మన పట్టికలో సగము తనంతట కొట్టివేయబడును.

సోదరీమణులారా, చెప్పుట నేర్చుకొనుటతో పని ముగియలేదు. వినుట కూడ నేర్వవలెను. ఈ రాత్రి భోజనములైన తరువాత ఇంటిలో మీకంటె చిన్నవారిని ఒకరిని, కోడలిని గాని, కొడుకును గాని, రేపు పనిమనిషి వచ్చినప్పుడు ఆమెను గాని, దగ్గఱకు పిలిచి ఒక్క ప్రశ్న అడుగుడు: "నా అలవాట్లలో నీకు విసుగు పుట్టించేది ఏది?" మొదట ఏమియు లేదందురు. రెండవమాఱు నిదానముగా అడుగుడు. చెప్పినప్పుడు, "ఇంతేనా?" యనకుడు, "నీవు మాత్రము?" అని యెదురు ప్రశ్న వేయకుడు, కారణములు చెప్పకుడు. "సరే, చూస్తాను" అని లేచిరండు. మఱునాడు ఆ యొక్క అలవాటును విడిచి చూడుడు. వారము తిరుగకముందే ఆ యింటిలో మఱియొకరు వచ్చి అదే ప్రశ్న మిమ్ములను అడిగినచో, మీ తువాలు సంగతి చెప్పుటకు అంతకంటె మంచి సమయముండదు.